వంతెన ఒక్కటే చాలదు

భద్రాచలం దగ్గర గోదావరిపై రెండో వంతెన రావడంతో బస్తర్‌కు రాకపోకల ఇబ్బంది తీరిపోయినట్టేనని మీ వ్యాసకర్త రాశారు. అందులో సగమే నిజం. 1965 నాటి పాత వంతెన మీదే 30వ నంబరు జాతీయ రహదారి బరువంతా పడేది. 2015లో శంకుస్థాపన జరిగిన కొత్తది 2024లో గానీ అందుబాటులోకి రాలేదు. ఆలస్యమైనా మేలే జరిగింది, కాదనను. కానీ 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు దారి మూసుకుపోయింది వంతెన ఒక్కదానివల్లే కాదు. గోదావరి పోటెత్తితే దాని ఉపనది శబరి నీళ్లు కూనవరం దగ్గర కలవలేక వెనక్కి తన్నుతాయి. చింతూరు, కోంటా పరిసరాల్లో పల్లపు రోడ్డు మునుగుతుంది. లారీలు ఎక్కడివక్కడే ఆగిపోతాయి.

ఏటా నాలుగు రోజుల వరద కోసం రోడ్డు ఎత్తు పెంచడం దండగ ఖర్చని కొందరంటారు. కానీ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా రోగులు ఎందరో భద్రాచలం ఆసుపత్రులకే వస్తారు. జబ్బు వరద తగ్గేదాకా ఆగదు కదా! పైగా ఈ దారి తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ మూడింటిలోనూ సాగుతుంది. ఎవరి ముక్క వారు బాగుచేసుకుంటే నడుమ పల్లం అలాగే మిగులుతుంది. కేంద్రమే పూనుకుని, 2022 వరద మట్టాన్ని కొలతగా పెట్టుకుని, భద్రాచలం నుంచి కోంటా దాకా మునిగేచోట్ల రోడ్డు ఎత్తించాలని, కల్వర్టులు వెడల్పు చేయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, జగదల్‌పూర్