ఫొటోల వెనుక ఎవరి పాట?

ఫైనల్ ఇయర్ వాళ్ల ఫేర్‌వెల్ దగ్గర పడింది. మన వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా ఒకటే చర్చ. భోజనాల గురించి రెండు మెసేజీలు, డెకరేషన్ గురించి మూడు, స్లైడ్‌షోలో ఏ పాట పెట్టాలన్న దాని మీద కనీసం నలభై. ఎడిటింగ్ కొంచెం వచ్చు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. "ఫొటోలు మేం పంపిస్తం గానీ, నువ్వు ముందు ఒక మంచి ఎమోషనల్ సాంగ్ ఫిక్స్ చెయ్, అందరూ ఏడ్వాలె" అని ఆర్డర్.

ఆ ఆర్డర్ మీదే నాకు పేచీ. పాటను ముందు ఖాయం చేసి, దాని కింద ఫొటోలు పేర్చడం తప్పు అని నా అభిప్రాయం. స్లైడ్‌షోకి పాట పెట్టే ముందు ఫొటోల్లో ఉన్నవాళ్లను ఒక్క మాట అడగాలి. అడగకుండా పెడితే ఏమవుతుందో మా ఇంట్లో, మా అక్క పెండ్లిలో చూశాను కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది ముప్కాల్. ఆర్మూర్ దాటి నిర్మల్ వైపు పోతుంటే 44వ నంబర్ హైవే మీద వచ్చే ఊరు. 2016లో మండలం అయింది. చుట్టూ పసుపు, మక్క, ఎర్రజొన్న. మా దిక్కు చాలా ఇండ్లల్లో ఆడవాళ్లు బీడీలు చేస్తారు, మగవాళ్లు గల్ఫ్ పోతారు. మా ఇల్లూ అంతే. నాకు ఏడాది నిండకముందే బాపు మస్కట్ పోయిండు. రెండేండ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చి పోతుంటాడు. మొత్తం పంతొమ్మిదేండ్లలో బాపు ఇంట్లో ఉన్న రోజులన్నీ కూడితే ఏడాదిన్నర.

అక్క పెండ్లికి నేనే స్లైడ్‌షో చేశాను. 64 ఫొటోలు, ఒక్కోటి నాలుగు సెకన్లు. అంటే నాలుగు నిమిషాల పదహారు సెకన్లు. అక్క బారసాల, బడి యూనిఫాం, పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు తడుస్తూ దిగిన ఫొటో, బతుకమ్మ కాడ నానమ్మతో దిగిన ఫొటో. ఆ 64లో బాపు ఉన్నవి పదకొండే. అందులో మూడు ఎయిర్‌పోర్టులో దిగినవి. దాన్ని చూసి నాకు గొప్ప ఐడియా వచ్చిందనుకున్నాను. తండ్రి మీద బాగా హిట్టయిన ఒక సినిమా పాట తీసుకుని, పల్లవి సరిగ్గా ఎయిర్‌పోర్టు ఫొటో మీద పడేటట్టు కట్ చేశాను. ఆ ఒక్క కట్ కోసం రెండు రాత్రులు కూర్చున్నాను.

ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద అది నడుస్తుంటే మేనత్తలు కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చారు. నాకు లోపల ఒకటే గర్వం. వెనక్కి తిరిగి బాపు కోసం చూస్తే కుర్చీ ఖాళీ. బయట నీళ్ల డ్రమ్ముల కాడ నిలబడి ఎవరితోనో వంటల గురించి మాట్లాడుతున్నాడు. నేను పోతే ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక వాకిట్లో మంచం మీద కూర్చొని అన్నాడు:

"మంచిగనే చేసినవ్ రా. గని నేను బతికే ఉన్న గదా. నాకు దినాలు చేసినట్టు కొట్టింది."

నేను చేసిన తప్పేందో ఆ రాత్రి వెంటనే అర్థం కాలేదు. పాట మంచిదే, ఫొటోలు నిజమే, టైమింగ్ కూడా కుదిరింది. తర్వాత తెలిసింది. బాపు దూరంగా ఉండడాన్ని నేనే ఒక దుఃఖం అని ఖాయం చేసి, బిడ్డ పెండ్లి రోజున నాలుగు వందల మంది ముందు ప్రకటించాను. ఆయన మాత్రం ఆ రోజు దుఃఖపడడానికి రాలేదు. పంతొమ్మిదేండ్ల కష్టంతో బిడ్డ పెండ్లి చేస్తున్నందుకు సంతోషపడడానికి వచ్చిండు. ఫొటో ఏం చెప్పాలో ఫొటో చెప్పకముందే పాట చెప్పేసింది.

పాటకు ఆ బలం ఉందని సినిమావాళ్లకు మూకీల కాలంలోనే తెలుసు. అప్పుడు తెర ముందు పియానో వాయించేవాళ్లు ఉండేవారు. వాళ్ల కోసం 1924లో ఎర్నో రాపీ అనే సంగీతకారుడు అమెరికాలో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. అందులో 52 మూడ్‌లకు, సందర్భాలకు తగ్గట్టు బాణీలు విడివిడిగా సర్ది ఉంటాయి. తెర మీద ఏ సీన్ వస్తే ఆ పేజీ తీసి వాయించడమే. మనవాళ్ల భాషలో చెప్పాలంటే లుకప్ టేబుల్. వందేళ్ల తర్వాత మన ఫోన్ యాప్‌లు 'హ్యాపీ', 'శాడ్', 'ఎమోషనల్' అని ట్యాగులు పెట్టి చూపించేది అదే పద్ధతి. ముక్కూమొహం తెలియని నటుల కథకు ఆ టేబుల్ సరిపోతుంది. మన ఇంటి మనుషులకు సరిపోతుందని గ్యారంటీ లేదు. మా బాపు ఎయిర్‌పోర్టు ఫొటోకి టేబుల్ 'శాడ్' అని చూపించింది. నేను నమ్మాను.

ఇక్కడ నా రూమ్మేట్ ఒక ప్రశ్న వేశాడు. "అరే, స్లైడ్‌షో చూసేటోళ్ల కోసం కదా చేసేది? జనం ఏడ్చిన్రంటే హిట్టే కదా?" నిజమే, కొట్టిపారేయలేం. దీనికి జవాబు 'బలగం' సినిమాలో ఉందని నాకు అనిపిస్తుంది.

2023 మార్చిలో వేణు యెల్దండి దర్శకత్వంలో 'బలగం' వచ్చాక మన ఊర్లల్లో దినాల స్లైడ్‌షోలకు పాట వెతికే పని తప్పింది. చివర్లో బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాటను ఎవరు పోయినా పెట్టేస్తున్నారు. ఆ పాట వింటే నాకూ ఏడుపు ఆగదు. కానీ అది ఎందుకు అంత పని చేసిందో గమనించండి. సినిమాలో వాళ్లు ఆ ఇంటి ముందు నిలబడి, ఆ పోయిన మనిషి పేరు పెట్టి పిలుస్తూ, ఆయన బలగాన్నే ఉద్దేశించి పాడతారు. చూస్తున్న కొడుకులు, బిడ్డ ఒక్కొక్కరూ అది తమకే చెప్తున్నారని కుంగిపోతారు. ఒక ఇంటి కథను ఆ ఇంటికే వినిపించడంలో ఉంది దాని బలమంతా.

మరి దాన్ని కోసి తెచ్చి ఇంకో తాత ఫొటోల కింద అతికిస్తే? మా ఊర్లోనే ఒక దినాలలో చూశాను. తెర మీద వేరే ముసలాయన నవ్వుతున్నాడు, స్పీకర్లో కొమురయ్య అని పిలుస్తున్నారు. జనం ఏడ్చారు, కాదనను. సినిమా గుర్తొచ్చి ఏడ్చారు. ఎదురుగా ఫొటోలో ఉన్న ఆయన, ఊర్లో సగం బావులకు మోటార్లు రిపేరు చేసిన మనిషి, ఆ నాలుగు నిమిషాలు ఎవరికీ గుర్తు లేడు. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆయన మీద గౌరవం ఉంటే మనం నేర్చుకోవాల్సింది ఆ పద్ధతి: మీ ఇంటి మనిషి పేరు, మీ ఇంటి మాట వినిపించడం.

అలాగని, ఫొటో ఏ కాలానిదో పాట కూడా ఆ కాలానిదే కావాలని నేను అనడం లేదు. మన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఫొటో మెల్లగా దగ్గరికి వచ్చే 'కెన్ బర్న్స్ ఎఫెక్ట్' ఉంటుంది కదా, ఆ కెన్ బర్న్స్ అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు. 1990లో ఆయన తీసిన 'ద సివిల్ వార్' చాలా మటుకు పాత ఫొటోలు, ఉత్తరాల మీదే నడుస్తుంది. అందులో మళ్లీ మళ్లీ వినిపించే ఫిడేలు బాణీ 'అశోకన్ ఫేర్‌వెల్' ఆ యుద్ధకాలం నాటిదేనని చాలామంది అనుకుంటారు. యుద్ధం ముగిసింది 1865లో. ఆ బాణీని జే ఉంగర్ కట్టింది 1982లో, ఒక సంగీత శిబిరం ముగిసిపోయిందన్న బెంగతో. అంటే అది కూడా ఒక ఫేర్‌వెల్ ట్యూనే! అయినా ఎందుకు అతికింది? అందులో మాటలు లేవు. ఉత్తరం చదువుతుంటే పక్కకు తప్పుకుంటుంది. ఫొటోలోని ముఖానికి చోటు ఇస్తుంది. మీకు ఫొటోల మీద రాతలు ఉంటే, లేదా ఎవరైనా మాట్లాడుతుంటే, మాటలున్న పాట పెట్టకండి. కన్ను ఒకటి చదువుతుంటే చెవి ఇంకోటి వింటుంది, రెండూ దక్కవు.

మళ్లీ మా ఇంటి సంగతి. బాపు తిరిగి మస్కట్ పోవడానికి పది రోజుల ముందు, స్లైడ్‌షో మళ్లీ చేస్తానన్నాను. ఈసారి ముందే అడిగాను: "బాపూ, ఆడ నువ్వు ఏం పాటలు ఇంటవు?"

"రూంల ఎనిమిది మందిమి ఉంటం. ఎవని ఫోన్ల వాని పాట. నేనేం ఇంట? డ్యూటీ నుంచి వచ్చి ఫోన్ చేస్తే మీ అమ్మ స్పీకర్ పెట్టి చాట పక్కన పెడుతది. ఆమె మాట్లాడేది తక్కువ, నేను ఇనేది కత్తెర చప్పుడే."

తునికాకు కత్తిరించే చప్పుడు. నేను దాన్ని వింటూనే పెరిగాను, కాబట్టి దాన్ని ఒక చప్పుడుగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మర్నాడు ఫోన్‌ను చాట అంచుకు ఆనించి అరగంట రికార్డు చేశాను. "నా కత్తెర చప్పుడుతోటి సినిమా తీస్తవా?" అని అమ్మ నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డయింది. తీసేయలేదు.

"మరి లాస్టుకు ఏ పాట పెట్టాలె?" అని అడిగితే బాపు క్షణం కూడా ఆలోచించలేదు. "బరాత్‌ల నేను ఎగిరిన పాట పెట్టరాదురా!"

నేను గుర్తు తెచ్చుకున్నాను. అది నేను జన్మలో పెట్టని డీజే పాట, నా టేస్టుకు అస్సలు పడదు. కానీ ఊర్లో మిగతా తండ్రులందరూ ఎగిరిన బరాతులు పంతొమ్మిదేండ్లు ఫోన్లో చూసిన మనిషి, మొదటిసారి తన బిడ్డ బరాత్‌లో తానే ఎగిరిన పాట అది. నా టేస్టు ఎవనిక్కావాలి?

కొత్తదాంట్లో మొదటి నిమిషం పాట లేదు. కత్తెర చప్పుడు, మధ్యలో అమ్మ నవ్వు. పసుపు ఉడకబెట్టే ఫొటోల కాడ సన్నగా ఒక వేణువు. చివరి ముప్పై సెకన్లు డీజే. పోయే ముందు రోజు రాత్రి టీవీలో పెట్టాను. బాపు చూసి, "ఇంకోపారి ఎయ్" అన్నాడు. ఈసారి లేచి బయటకు పోలేదు.

టెక్నికల్‌గా కూడా మూడు మాటలు చెప్పాలి, మనది ఇంజనీరింగ్ కాలేజీ కదా. ఒకటి: ముందు ఫొటోలు పేర్చి సౌండ్ లేకుండా ఒకసారి పూర్తిగా చూడండి. మూగగా చూసినప్పుడు కూడా మిమ్మల్ని ఆపే ఫొటోలు ఏవో తెలుస్తాయి, వాటికి ఆరు సెకన్లు ఇచ్చి మిగతావి కుదించండి. పాట పొడుగ్గా ఉందని ఫొటోలు సాగదీయకండి, చరణం అయిపోయిన చోట పాటనే మెల్లగా తగ్గించండి. రెండు: ఫొటో మారేది తాళం మీద పడాలి. నిమిషానికి 90 బీట్ల పాటలో నాలుగు సెకన్లకు ఆరు బీట్లు, 120 అయితే ఎనిమిది. ఈ చిన్న భాగహారం చేస్తే సగం ఎడిటింగ్ అయిపోయినట్టే. మూడు: మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పెండ్లి వేడుకల్లో పాట వినిపించడాన్ని ఉల్లంఘన కాదంటుంది. కానీ ఆ మినహాయింపు వేడుక వరకే. అదే వీడియోను యూట్యూబ్‌లో పెడితే పాట హక్కుదారుల క్లెయిమ్ రావచ్చు, సౌండ్ పోవచ్చు. ఇంట్లో రికార్డు చేసిన కత్తెర చప్పుడుకు ఆ బాధ లేదు.

ఇప్పుడు ఫేర్‌వెల్ సంగతి. సీనియర్లను ఏడిపించాలని మనం ఎందుకు ముందే తీర్మానించుకున్నాం? ఉద్యోగం వచ్చి సంబరంగా పోతున్నవాళ్లు ఉన్నారు. బ్యాక్‌లాగ్‌లు క్లియర్ అయి ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఉన్నారు. ఇక్కడ నాలుగేండ్లు నచ్చనే నచ్చని వాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల ఫొటో కింద స్నేహం పాట పెడితే అబద్ధం అవుతుంది. అందుకని నేను పాట ఇంకా ఫిక్స్ చేయలేదు. ఫైనల్ ఇయర్ అన్నలకు, అక్కలకు ఒక్కటే ప్రశ్న పంపిస్తున్నాను: ఈ నాలుగేండ్లలో మీరు రోజూ విన్నది ఏంది? మెస్‌లో ప్లేట్ల చప్పుడా, ఎగ్జామ్ హాల్ బెల్లా, పక్క రూంలో ఎవడో రాత్రి రెండింటికి పెట్టే అదే పాటా? ఆదివారం లోపు నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి.

పోయిన వారం బాపు దగ్గర నుంచి కూడా ఒకటి వచ్చింది. రూంలో అందరికీ వీడియో చూపించిండట. "అందరు మంచిగుందన్నరు. ఒకడైతే గా చప్పుడేందని అడిగిండు. మా ఇంటామె అని చెప్పిన" అన్నాడు.