బీటు కావాలి, చెవీ కావాలి

‘ఏం వింటున్నావురా అంటే ఫోను చూపిస్తాడు. అందులో పాటే ఉండదు, అంతా దబదబ!’ ఇంటర్, ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తోంది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఇళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. సాహిత్యం లేకుండా, గాయకుడు లేకుండా, కంప్యూటర్ మీద కట్టిన గట్టి బీటు గంటల తరబడి సాగుతుంటే పెద్దవాళ్లకు అది సంగీతమనిపించదు. తలనొప్పి అనిపిస్తుంది. మా అభిప్రాయం వేరు. ఆ సంగీతం చెడ్డది కాదు. సరైనది వెతుక్కుంటే నడకకూ చదువుకూ పనికొచ్చేదే. దిగులు పడాల్సింది అందులో మాటలు లేవని కాదు, శబ్దం ఎంత పెడుతున్నారన్న దాని గురించి.

అసలు మాటల్లేని దరువు మనకు కొత్తా? భద్రాచలం మన్యంలో కొమ్ముకోయ నృత్యం చూసినవాళ్లను అడగండి. తలకు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో పెద్ద డోలు. ఆ డోలు ఒక్కటే వందమందిని కదిలిస్తుంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలి కళాకారుడిగా 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఇటు మైదానంలో డప్పు, హైదరాబాద్‌లో తీన్మార్. తీన్మార్ వెనుకనున్న మర్ఫా వాద్యం సిద్దీలతో, అరబ్బులతో నిజాం నగరానికి వచ్చింది. వీటిలో దేనికైనా కాలు కదపడానికి సాహిత్యం తెలియనక్కర్లేదు. లయను పట్టుకునే శక్తి మనిషికి పుట్టుకతోనే ఉందంటారు శాస్త్రవేత్తలు. హంగేరీ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు మూడు రోజుల పసికందులకు నిద్రలో డ్రమ్ము వినిపిస్తూ మధ్యలో ముఖ్యమైన దెబ్బను తప్పించారు. పిల్లల మెదడు ఆ లోటును పసిగట్టింది.

నడకలో దీని ఉపయోగం ఎక్కువ. ఒక మోస్తరు చురుకైన నడకంటే నిమిషానికి 100 అడుగులు. ఇంకొంచెం వేగం పెంచితే 120 దాకా వెళ్తుంది. సంగీతంలో నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టే కొలతను బీపీఎం అంటారు. అడుగూ దెబ్బా కలిస్తే అలసట తక్కువ అనిపిస్తుందని, ఎక్కువసేపు నడవగలమని వ్యాయామ శాస్త్రంలో చాలా అధ్యయనాలున్నాయి. లకారం ట్యాంక్‌బండ్ మీద రెండో రౌండుకే ఇంటిదారి పట్టేవాళ్లు ఇది ప్రయత్నించి చూడొచ్చు. చదువు సంగతి కాస్త భిన్నం. పాటలో మాటలుంటే, పుస్తకంలోని మాటలతో అవి పోటీపడతాయి. మనకు తెలిసిన తెలుగు పాటైతే మరీను, పల్లవి రాగానే మనసు అటు పరుగెడుతుంది. మాటల్లేని సంగీతంతో ఆ ఇబ్బంది తక్కువ. అయినా కొత్త పాఠం, కష్టమైన లెక్క ముందున్నప్పుడు నిశ్శబ్దాన్ని మించింది లేదు. నోట్సు తిరగరాయడానికో, రికార్డు బొమ్మలు వేయడానికో పెట్టుకోమనండి.

ఇక వెతకడం ఎలా? యాప్ తెరిచి ‘డీజే సాంగ్స్’ అని కొడితే అవే నాలుగు రీమిక్సులు వస్తాయి. ఒకసారి వాటిని వింటే యాప్ మళ్లీ మళ్లీ వాటినే ముందుపెడుతుంది. కొత్తవి దొరకకపోవడానికి సగం కారణం ఇదే. పేరుతో కాకుండా వేగంతో వెతకండి. మామూలుగా నడుస్తూ 15 సెకన్లలో ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 28 పడితే 112. ఆ అంకె పక్కన ‘బీపీఎం ఇన్‌స్ట్రుమెంటల్’ అని చేర్చి వెతకండి. నాలుగైదు రకాల పేర్లు తెలిస్తే పని ఇంకా తేలిక. చదువుకునేటప్పుడు లో-ఫై, దాదాపు 70 నుంచి 90. చురుకైన నడకకు హౌస్, 120 నుంచి 128. పరుగుకు టెక్నో, ట్రాన్స్. ఇవి 130 చుట్టూ, కొన్నిసార్లు ఇంకా పైన ఉంటాయి. డ్రమ్ అండ్ బేస్ 170 దాకా పోతుంది. వినగానే గాభరా పుట్టిస్తుంది గానీ దెబ్బ విడిచి దెబ్బకు అడుగేస్తే 85తో తీరిగ్గా నడవొచ్చు. వేగం తగ్గిపోతున్న తాతయ్యలకు కూడా సరిపోతుంది, వాళ్లు ఒప్పుకుంటే!

ఒక ట్రాక్ నచ్చిందనుకోండి. యాప్ తర్వాతిది వేసేలోపు ఆపి, దాన్ని కట్టిందెవరో, విడుదల చేసిన లేబుల్ ఏదో చూడండి. లేబుల్ అంటే ఒకే అభిరుచి ఉన్నవాళ్ల సంగీతాన్ని బయటకు తెచ్చే సంస్థ, చాలాసార్లు ఇద్దరు ముగ్గురు నడిపేది. అక్కడ మిగతావి కూడా మీకు నచ్చే అవకాశం ఎక్కువ. బ్యాండ్‌క్యాంప్‌లో రకాన్ని బట్టి వెతకొచ్చు, కొనేముందు వినొచ్చు. సౌండ్‌క్లౌడ్‌లో డీజేలు గంటసేపు ఆపకుండా కలిపిన మిక్సులుంటాయి. కొన్నింటి కింద ట్రాక్‌ల పట్టిక కూడా ఇస్తారు. ఒక్కోసారి ఆ ఒక్క పట్టికే మీకు నెలకు సరిపడా సరుకవుతుంది.

అమ్మానాన్నలకు మాత్రం మేము వేరే గుమ్మం చూపిస్తాం. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లో ఒక రికార్డు చేశారు. పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. పది హిందుస్తానీ రాగాలు, ఎలక్ట్రానిక్ డ్రమ్ము, సింథసైజర్లు, మాటలు దాదాపు లేవు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు పాశ్చాత్య శ్రోతలు ముక్కున వేలేసుకున్నారు. చికాగోలో 80ల రెండో సగంలో పుట్టిన యాసిడ్ హౌస్‌ లాంటి సంగీతం అంతకుముందే బొంబాయిలో ఉందేమిటని! అందులోని భూపాలీ మన మోహనే, మాల్కౌంస్ మన హిందోళమే. కచేరీలు వినే చెవికి రాగం తెలుస్తుంది, కుర్రాడి చెవికి బీటు తెలుస్తుంది. ఇద్దరూ కలిసి వినగలిగిన రికార్డులు ఎన్నున్నాయి చెప్పండి? అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. అక్కడ చేసిన టేపులు 2023లో ‘ది ఎన్ఐడీ టేప్స్’గా వచ్చాయి. అవి నడకకు కాదు, కుతూహలానికి.

ఇప్పుడు శబ్దం సంగతి. డోలుకూ డీజే బాక్సుకూ ఉన్న అసలు తేడా ఒక్కటే. డోలు కొట్టేవాడికి చేతులు నొప్పెడతాయి. ఆగుతాడు, నీళ్లు తాగుతాడు, డోలు కాచుకుంటాడు. అతనితోపాటు వినేవాళ్ల చెవికీ విరామం దొరుకుతుంది. బాక్సుకు అలుపు లేదు. జనరేటర్‌లో డీజిల్ ఉన్నంతసేపు మోగుతుంది. పక్క బాక్సును మించి మోగాలన్న పంతం కూడా తోడైతే అడ్డూఆపూ ఉండదు.

గట్టిగా పెడితేనే ఊపు వస్తుందన్నది నిజం కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో, చెవికి తెలియనంత లోతైన బేస్ పలికే స్పీకర్లను కాసేపు వేస్తూ, కాసేపు ఆపుతూ చూశారు. అవి పనిచేస్తున్నప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువగా కదిలారు. 2022లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. స్పీకర్లు ఎప్పుడు మోగాయో ప్రేక్షకులకు తెలియనే లేదు. అంటే ఒంటిని కదిలించడానికి చెవులు చిల్లులు పడాల్సిన పనిలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే. 100కు చేరితే వారం మొత్తానికి 20 నిమిషాలు. పిల్లల విషయంలో 75 దగ్గరే ఆగమంటుంది. బరాత్‌లో బాక్సుల ముందు 100 దాటడం మామూలే. అక్కడ రెండు పాటలకు మించి నిలబడితే వారం కోటా సగం పోయినట్టే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మమైన రోమకణాలు దెబ్బతింటే మళ్లీ రావు. కోడికి తిరిగి మొలుస్తాయి, మనిషికి మొలవవు.

ఇయర్‌ఫోన్ల దగ్గర చాలామంది పట్టించుకోని చిన్న విషయం ఒకటుంది. చివరనుండే రబ్బరు తొడుగు చెవికి సరిపోకపోతే ముందుగా జారిపోయేది బేసే. బీటు తగ్గింది కదా అని వాల్యూమ్ పెంచుతారు. డబ్బాలో వచ్చే మూడు సైజుల తొడుగుల్లో సరైనది పెట్టుకుంటే తక్కువ శబ్దంలోనే బీటు నిండుగా వినిపిస్తుంది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా మూడు గంటల బస్సు ప్రయాణంలో ఇంజిన్ హోరును మించి వినాలని పెంచేవాళ్లకు ఇది మరీ అవసరం. అన్ని ఫోన్లలో కాకపోయినా చాలావాటిలో వాల్యూమ్‌కు హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది. పిల్లల ఫోనులో అది మీరే పెట్టండి. రోడ్డు వెంట నడిచేవాళ్లు మాత్రం ఒక చెవి ఖాళీగా ఉంచుకోవాలి. కొత్తగూడెం, మణుగూరు రోడ్ల మీద బొగ్గు లారీ ఏ బీటుకూ ఆగదు.

ఇంట్లో పెళ్లి ఉంటే డీజేకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే మాట్లాడుకోవడం మంచిది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆస్పత్రి, బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను ఏకంగా నిషేధించారు. మన పెళ్లిళ్లకు అంతదూరం వెళ్లనక్కర్లేదు. బాక్సులు పెద్దవాళ్లు కూర్చునే వైపు తిప్పవద్దని, గంటకోసారి పది నిమిషాలు ఆపమని, ఆ విరామంలో డప్పు బృందాన్ని పిలుస్తామని చెప్పండి. డప్పుకూ శబ్దం ఉంటుంది, కానీ దానికి అలుపుంది. చంటిపిల్లలను బాక్సుల దగ్గరకు తేనేవద్దు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, కుర్చీలు వెనక్కి జరపడం కూడా వైద్యమే. కార్తీకంలో కిన్నెరసాని వైపు వనభోజనాలకు వెళ్లేవాళ్లు మాత్రం బ్లూటూత్ స్పీకర్‌ను ఇంట్లోనే వదిలి రావాలని మా పట్టుదల. అడవిలో పక్షులు ఒకదాన్నొకటి పిలుచుకునేది చప్పుడుతోనే.

బరాత్ ముగిశాక చెవిలో ‘గుయ్’మని మోత, దూదిపెట్టినట్టు దిబ్బడ ఉంటే అది చెవి చేసిన ఫిర్యాదు. సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. ఆ రోజంతా ఇయర్‌ఫోన్లు ముట్టవద్దు. చెవిలో నూనె, వెల్లుల్లి రసం వంటివి పోయవద్దు. మోత మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే మాత్రం అది అత్యవసరం. మందు ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి చెవి డాక్టర్ దగ్గరకు రావడమంటే ఒక రోజు పోయే పనే, నిజమే. అయినా జలుబు చేసిందేమో, నాలుగు రోజులాగి చూద్దామని ఊరుకోక, ఆ రోజే బస్సెక్కండి.