మన బాల్యం మీద పీహెచ్‌డీలు ఎవరు చేయాలి?



మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే మన గూడేల్లో పిల్లలు తెల్లారకముందే బుట్టలు పట్టుకొని ఇప్పచెట్ల కిందికి పోతారు. ఆ పువ్వు ఏరే పిల్ల చేస్తున్నది పనా, చదువా, ఆటా? లేబర్ ఆఫీసర్ ఒకటి చెప్తడు, టీచర్ ఒకటి చెప్తడు, ఆ పిల్ల అమ్మమ్మ ఇంకోటి చెప్తది. సోషియాలజీ, సైకాలజీ, చరిత్ర, న్యాయశాస్త్రం, ఆంత్రోపాలజీ కలిపి చేసే బాల్య అధ్యయనాల్లో పీహెచ్‌డీ స్థాయిలో తెగని చర్చల్లో ఇదొకటి. అందులో మన పిల్లలు ఉదాహరణలుగా వస్తారు. పరిశోధకులుగా మనం కనిపించేది తక్కువ.

ఈ చర్చ ఎక్కడిదో కొంచెం చెప్పుకుందాం. ఫిలిప్ ఏరియస్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1960లో, మధ్యయుగపు యూరప్‌లో బాల్యం అన్న భావనే లేదు, అది తర్వాత తయారైంది అన్నాడు. చాలామంది చరిత్రకారులు ఆయన్ని తప్పుపట్టారు గానీ ప్రశ్న మిగిలిపోయింది. 1990లో అలిసన్ జేమ్స్, అలన్ ప్రౌట్ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం, బాల్యాన్ని సమాజమే తయారు చేస్తుందని, పిల్లలకి తమ జీవితం మీద తమ పాత్ర ఉంటుందని గట్టిగా వాదించింది. అప్పట్నుంచి 'బాల్యం ఒకటి కాదు, బాల్యాలు అనేకం' అన్నది ఈ రంగంలో పెద్ద మాట అయింది.

వినడానికి మనకి బాగుంటది. మన అడవి, మన పని, మన నేర్చుకునే తీరు అన్నిటికీ గౌరవం దక్కినట్టుంటది. కానీ మేం ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలంటున్నాం. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి ప్రమాదం లేని పనుల్లో సాయం చేయొచ్చని మినహాయింపు ఇచ్చారు. ఇప్పపువ్వు ఏరే పిల్లకి అది సరే. అదే మినహాయింపు చాటున కాంట్రాక్టరు పని ఇంటి పనిగా మారితే? బడిలో టీచర్ లేకపోతే 'వాళ్ళ సంస్కృతి వేరు, వాళ్ళకి అడవే బడి' అని చేతులు దులుపుకుంటే? అనేక బాల్యాలు అన్న మాట మనల్ని గౌరవించడానికీ పనికొస్తది, మనకి రావాల్సింది ఎగ్గొట్టడానికీ పనికొస్తది.

ఇటువైపు శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వాదన ఉంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే అని. తెలంగాణ పల్లెల్లో వెట్టి నుంచి పిల్లల్ని బడికి తెచ్చిన అనుభవంలోంచి వచ్చిన మాట అది, తేలిగ్గా తీసేయలేం. మేమైతే దీనికే దగ్గర. కాకపోతే బడి లోపల ఏం జరుగుతుందో కూడా అడగాలంటాం. ఇంట్లో కోయో, గోండో, కువియో మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వింటూ మౌనంగా కూర్చుంటే ఆమె బడిలో ఉన్నట్టా? ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసినప్పుడు మాటలన్నీ ఉద్యోగాల చుట్టూ తిరిగాయి. తన భాష వచ్చిన టీచర్ ఉంటే ఆ పిల్లకి ఏం తేడా పడుతుందో ఏళ్ల తరబడి గమనించి రాసిన మన థీసిస్‌లు పది ఉంటే, వాదనకి ఇంకో కాలు ఉండేది.

వయసు సంగతి ఇంకో చిక్కు. 1989 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 18 ఏళ్ల లోపు వాళ్ళందర్నీ పిల్లలు అంటది, సైకాలజీ పరీక్షలన్నీ వయసు లెక్కన నడుస్తాయి. మనలో ఎంతమంది పుట్టినరోజు బడిలో చేర్పించినరోజు సారు వేసిన తారీఖు! జూన్ నెలలో పుట్టినోళ్ళు మన గూడేల్లో ఎందుకంత ఎక్కువో నవ్వుకుంటాం గానీ, ఆ తారీఖుల మీదే 'వయసుకు తగ్గ ఎదుగుదల లేదు' అని రాసేవాళ్ళు ఉంటారు.

ఇక అనుమతి. హాస్టల్‌కి పరిశోధకులు వస్తారు, వార్డెన్ సంతకం పెడతాడు, పిల్లల్ని వరసలో కూర్చోబెడతారు. అది పిల్ల ఒప్పుకున్నట్టా? తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టా? 'వద్దు' అనే వీలు ఆ వరసలో ఎవరికైనా ఉందా? పరిశోధనా నీతి మీద జర్నల్స్‌లో నడిచే వాదనలు మనం ఆ వరసలో కూర్చొని చూసినవే. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించింది. అట్లాంటి ఓపిక ఒక్క గూడెం మీద, ఆ గూడెం భాషలో మనవాళ్ళు పెట్టాలని మా కోరిక.

ఎస్టీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ ఏటా 750 మందికి ఇస్తారు. ఎంఏ చివర్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు టాపిక్ కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నారు. సినాప్సిస్ రాస్తే పంపండి, చదివి చెప్పడానికి మాలో కొందరం ఉన్నాం. ఇప్పటికే ఈ రంగంలో చేస్తున్న అన్నలు, అక్కలు గైడ్ ఎట్లా దొరికారో, ఇంటర్వ్యూలో ఏం అడిగారో గ్రూపులో రాయండి.