తడుముకొనుట వేరు, చెడగొట్టుట వేరు

ఆంగ్లభాషలో 'ఫంబుల్' అను చిన్న క్రియ కలదు. విద్యార్థులు దానికి సాధారణముగా నేర్చుకొను అర్థము 'నేర్పులేక చేయు' అని. అది తప్పని చెప్పుటకు వీలులేదు. చాలునని చెప్పుటకు అంతకన్న వీలులేదు. ఆ అర్థమును వల్లించిన బాలుడు అన్నము మాడ్చిన వంటవానికిని, లెక్కలు తారుమారు చేసిన గుమాస్తాకును ఆ మాటనే అంటగట్టును.

నిజమునకు ఫంబుల్ ముఖ్యముగా చేతివ్రేళ్ళకు చెందిన మాట. చీకటిలో వాకిట నిలిచి జేబులో తాళపుచెవికై వెదకువాడును, చలికి కొంకర్లుపోయిన వ్రేళ్ళతో చొక్కా గుండీ పెట్టుకొనజూచువాడును చేయునది అదియే. పని చెడినదని కాదు, చేయి ఇంకను వెదకుచున్నదని తాత్పర్యము. తాళపుచెవి దొరకనూవచ్చును. షేక్స్పియరు 'ఐదవ హెన్రీ' నాటకములో ఫాల్‌స్టాఫ్ మరణమును వర్ణించు స్త్రీ, అవసానసమయమున అతని చేతులు పక్కదుప్పటిని తడవులాడిన తీరునకు ఈ క్రియనే వాడినది. అచ్చట 'నేర్పులేక' అను అర్థమును చొప్పించుట ఎంత అపచారము!

పనియే చెడినపుడు వాడు మాటలు వేరు. వినాయకుని చేయబోగా కోతియైన చోట 'బంగిల్' తగును. 'బాచ్' అను మాట కథ మరియు వింతైనది. 14వ శతాబ్దిలో దానికి బాగుచేయుట, అతుకువేయుట అనియే అర్థము. వేసిన అతుకులు ఎంత వికారముగా నుండెనో గాని, తుదకు ఆ మాట పాడుచేయుటకే స్థిరపడినది.

ఫంబుల్‌కు తెలుగున మిక్కిలి దగ్గరిది 'తడుముకొను'. చేయి వస్తువునకై తడుముకొనును. నాలుక మాటకై తడుముకొనును. ఆంగ్లమునను ఈ రెండును కలవు. తరగతిలో సమాధానమునకై తడుముకొనుచున్న బాలుని, తప్పు చెప్పిన బాలునితో ఒకే గాటన కట్టు ఉపాధ్యాయులు లేకపోలేదు. మొదటివాడు ఇంకను వెదకుచున్నాడు. అప్పుడే 'కూర్చో' అన్నచో ఆ వెదకుట అంతటితో ఆగిపోవును.

అయితే క్రికెట్టులో చేతికందిన బంతిని జారవిడిచిన వానికి 'తడుముకొను' పొసగదు. అచ్చట 'తడబడు' కావలెను. అమెరికావారి ఫుట్‌బాల్ ఆటలో ఇది పారిభాషికపదమే యైనది. ఆట సాగుచుండగా బంతి పట్టినవాడు దానిని చేజార్చుకొన్నచో అది ఫంబుల్. ప్రత్యర్థి తట్టి పడగొట్టినను పేరు మారదు. నేర్పు ప్రసక్తియే అచ్చట లేదు.

నల్లబల్లపై అర్థమొక్కటే వ్రాయుటకన్న రెండు వాక్యములు వ్రాసి చూపుట మేలు. 'విత్' చేరినచో చేతనున్న గుండీతోనో తాళముతోనో అవస్థ. 'ఫర్' చేరినచో చేతికింకను చిక్కని దానికై వెదకులాట.