రాకడ కొరకు సిద్ధపాటు, తేదీల కొరకు తొందరపాటు



2025 జూన్‌లో ఇజ్రాయేలు, ఇరాను పన్నెండు రోజులు యుద్ధం చేసుకున్నప్పుడు వరంగల్, హన్మకొండ, కాజీపేట సంఘాల వాట్సాప్ గ్రూపులన్నీ యెహెజ్కేలు 38వ అధ్యాయంతో నిండిపోయాయి. గోగు ఎవరు, మాగోగు ఏ దేశం అన్నవే అందరి ప్రశ్నలు. సెప్టెంబరు వచ్చేసరికి మరో సందడి. 23, 24 తేదీలలో సంఘం ఎత్తబడుతుందని దక్షిణాఫ్రికా బోధకుడొకరు చెప్పిన వీడియో ప్రపంచమంతా తిరిగి మన పల్లెల ఫోన్లలోకి కూడా వచ్చింది. ఆ రెండు రోజులూ మామూలుగానే గడిచాయి.

ఆ రోజుల్లోనే మా బైబిలు స్టడీ ముగిశాక ఒక పెద్దాయన మెల్లగా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, బిడ్డ పెండ్లి ఈ యేడు పెట్టుకోమంటరా, ఆగమంటరా?" అని అడిగారు. ఆయన హాస్యమాడలేదు. ప్రవచనాన్ని మనం ఎలా బోధిస్తున్నామన్నది ఒక ఇంటి పెండ్లిని, ఒక రైతు విత్తనాన్ని, ఒక విద్యార్థి పరీక్షను తాకుతుందని ఆ ప్రశ్న మాకు గుర్తు చేసింది.

అంత్యదినముల ప్రవచనాలను చదవవద్దని మేము చెప్పడం లేదు. దానియేలు, జెకర్యా, ప్రకటన గ్రంథాలను పక్కన పెట్టిన సంఘానికి నిరీక్షణ కరువవుతుంది. 1836లో గోదావరి డెల్టాకు వచ్చిన బౌడెన్, బీర్ వంటి బ్రదరెన్ మిషనరీలు ప్రభువు త్వరగా వస్తాడని బలంగా నమ్మినవారే. అయినా వారు మూటలు కట్టుకొని కూర్చోలేదు. ఊరూరా తిరిగి సువార్త చెప్పారు, జీవితాలను ఇక్కడే ధారపోశారు.

లెక్కలు వేసినవారి చరిత్ర మాత్రం వేరు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22 కొరకు ఎదురుచూసి కన్నీళ్లతో ఇండ్లకు తిరిగి వెళ్లారు. మన పొరుగున తిరువాన్కూరులో యూస్తూస్ జోసఫ్ అనే భక్తుడు 1881లో రాకడ అని ప్రకటించాడు. ఆ సంవత్సరం వచ్చి పోయింది, ఆయన ఉజ్జీవ ఉద్యమం చీలి వేరే శాఖగా మిగిలింది. ఇజ్రాయేలు దేశం ఏర్పడిన 1948కి ఒక తరం, అంటే నలభై ఏండ్లు కలిపి, 1988 అన్నవారూ ఉన్నారు. 1992 అక్టోబరు 28 అని చెప్పిన దక్షిణ కొరియా బోధకుడు మోసం నేరం కింద జైలుకు వెళ్లాడు. ఆ గడువు దాటాక చేతికొచ్చే బాండ్లను ఆయన కొనిపెట్టుకున్నాడని తేలింది. వీరిలో కొందరు నిజాయితీపరులు, కొందరు కారు. నష్టపోయింది మాత్రం నమ్మిన సామాన్య విశ్వాసులే.

వార్తలను చూసి వాక్యానికి అర్థం చెప్పడంలో ఇంకొక ప్రమాదం ఉంది. మనుషులు పటంలో చుక్కలుగా మారిపోతారు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయేలులో సుమారు 1,200 మంది చంపబడ్డారు. ఆ తర్వాత గాజాలో వేలాది కుటుంబాలు చెదిరిపోయాయి. 2025 జూలై 17న గాజాలోని పవిత్ర కుటుంబ దేవాలయం మీద దాడి జరిగి ముగ్గురు మరణించారు. వారూ క్రీస్తు శరీరములోని అవయవములే. తెలంగాణ నుండి పనికోసం ఇజ్రాయేలు వెళ్లిన మన బిడ్డలూ అక్కడ సైరను మోగితే ఆశ్రయం కొరకు పరుగెత్తారు. యుద్ధవార్త విని "గడియారం ముందుకు కదిలింది" అని సంతోషించే మనసు యెరూషలేమును చూచి ఏడ్చిన ప్రభువు మనసు కాదు.

మరి ఎలా చదవాలి? దానియేలు 9వ అధ్యాయమే మనకు మాదిరి. దానియేలు యిర్మీయా గ్రంథంలో డెబ్బది ఏండ్ల లెక్క చూశాడు. చూచి పంచాంగం రాయలేదు. ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకొని, తన పాపములను, తన ప్రజల పాపములను ఒప్పుకున్నాడు. ఆ డెబ్బది ఏండ్ల మాట ఉన్న యిర్మీయా 29వ అధ్యాయాన్ని కూడా తెరిచి చూడండి. గడువు తెలిసిన ఆ చెరవారికే దేవుడు ఇండ్లు కట్టుకోమని, తోటలు నాటమని, పిల్లల పెండ్లిండ్లు చేయమని, తామున్న పట్టణ క్షేమం కొరకు ప్రార్థించమని చెప్పాడు. థెస్సలొనీకలో కొందరు పనిపాటలు మాని తిరుగుతుంటే పౌలు వారిని గద్దించాడు, నెమ్మదిగా పని చేసుకొని బ్రతకమన్నాడు.

కాబట్టి ప్రవచనం ధ్యానించే ప్రతి కూటానికి మా మనవి ఇది. ముందు ఆ గ్రంథం మొదట ఎవరికి రాయబడిందో అడగండి. ప్రకటన గ్రంథం ఆసియలోని ఏడు సంఘాలకు, శ్రమల మధ్య ఉన్నవారికి వచ్చింది. వారికి అర్థం కాని అర్థాన్ని మనం దానికి అంటగట్టకూడదు. వెయ్యేండ్ల పాలన గురించి, ఎత్తబడుట శ్రమలకు ముందా తర్వాతా అన్న దాని గురించి భక్తిగల బోధకులలోనే భేదాభిప్రాయాలున్నాయి. ఆ సంగతి సంఘానికి దాచకుండా చెప్పండి. తేదీ చెప్పిన వీడియోను ఇంకొకరికి పంపకండి. ఆ తేదీ తండ్రి యొద్దనే ఉందని ప్రభువే చెప్పాడు (మత్తయి 24:36). భయపెట్టి కానుకలు అడిగేవారి మాట వినకండి. కూటం ముగిసేటప్పుడు "ఈ వాక్యం విన్నాక ఈ వారం నేను ఎవరితో సమాధానపడాలి, ఎవరికి సహాయం చేయాలి?" అని ఒక్కొక్కరు తమను తాము ప్రశ్నించుకోండి.

అదే మత్తయి సువార్తలో, రాకడ ఉపమానాలన్నీ చెప్పిన తర్వాత, ప్రభువు ఆకలిగొన్నవారి గురించి, చెరసాలలో ఉన్నవారి గురించి మాట్లాడాడు. ఆయన వచ్చినప్పుడు మన చేతిలో చూడగోరేది లెక్కల చార్టు కాదు.

ఆ పెద్దాయనకు మేము యిర్మీయా 29 చదివి వినిపించాము. పెండ్లి పెట్టుకోమన్నాము. ఎనుమాములలో పత్తి అమ్మిన డబ్బులో అప్పు ఎంత తీర్చాలో కూడా కూర్చొని మాట్లాడుకున్నాము. వెళ్తూ ఆయన, "మరి ప్రభువు ఆలోపే వస్తే?" అన్నారు.

"వస్తే ఇంకేం కావాలె? పెండ్లి పనుల్లో ఉన్న ఇంటికే వస్తడు" అన్నాము.

ప్రభువైన యేసూ, త్వరగా రమ్ము. ఆమెన్.