మసిపూసిన మారేడుకాయ: కుళ్ళిన పడవ పలకపై మన మాట



హౌరా స్టేషనులో రైలు దిగి, లాంచీలో హుగ్లీ నదిని దాటి, ఫెయిర్లీ ప్లేసులోని తూర్పు రైల్వే కార్యాలయానికో, దాని చేరువలోనే వున్న జనరల్ పోస్టాఫీసుకో ప్రతి ఉదయమూ చేరుకొనేవారిలో మనవారు ఎందరో వున్నారు. నదిలో ఎవరైనా పడితే ఆదుకొనవలసినది రేవున కట్టివుంచే చిన్న రక్షక పడవ. ఆ పడవే కుళ్ళి వున్నదంటే, అది ఎవరో పడవవాళ్ళ గొడవ అని మనము ఊరుకొనవచ్చునా?

గత వర్షాకాలంలో కోల్‌కతాలోని ఒక కార్యాలయపు రక్షక పడవ సిబ్బంది ముగ్గురు మా యూనియన్ ఆఫీసుకు వచ్చారు. ముగ్గురూ కాంట్రాక్టు కార్మికులే. వారిది పాత ఫైబర్‌గ్లాస్ పడవ. దాని వెనుక భాగాన, అంటే మన కోస్తా జాలరులు అమరం అని పిలిచే చోట, మోటారును తగిలించే అడ్డపలక వుంటుంది. మెకానిక్కులు దానిని ట్రాన్సమ్ అంటారు. ఆ పలక లోలోపల కుళ్ళిపోయింది. వేగం పెంచితే మోటారుతో పాటు పలక కూడా వూగుతున్నది. బోల్టుల చుట్టూ గోధుమరంగు నీరు కారుతున్నది. సిబ్బంది వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. పైవారు చేసినదేమిటి? రంగు వేయించారు. మరల ఫిర్యాదు వెళ్ళింది. మరల రంగు వేయించారు. మూడవసారి, పోటు సమయాన ఆ పడవను నదిలోకి తీసుకుపోవడానికి నిరాకరించినందుకు ముగ్గురికీ గైరుహాజరు వేసి కూలి కోశారు.

ఈ చర్యను మేము తీవ్రంగా ఖండిస్తున్నాము. ఖండన ఒక్కటే చాలదు గనుక, అసలు విషయమేమిటో పాఠకుల ముందు వుంచుతున్నాము.

ఫైబర్‌గ్లాస్ పడవ కుళ్ళదని లోకంలో ఒక నమ్మకం వున్నది. గాజుపీచు కుళ్ళని మాట నిజమే. కాని చాలా పాత పడవలలో ఆ పలక కేవలం గాజుపీచు కాదు. రెండు గాజుపీచు పొరల నడుమ సుమారు ఒకటిన్నర అంగుళాల ప్లైవుడ్ వుంటుంది. బరువు మోసేది ఆ కొయ్యే. 40 అశ్వశక్తి మోటారు 70 నుండి 100 కిలోల వరకు తూగుతుంది. పైగా పడవను ముందుకు నెట్టే బలమంతా ఆ పలక మీదుగానే పోవాలి. బోల్టు రంధ్రాలను, అడుగున నీరు వదిలే బిరడా రంధ్రాన్ని సరిగా మూయకపోతే నీరు కొయ్యలోకి దిగుతుంది. పడవలో నిలిచిన వాననీరు మరీ ప్రమాదం. కొయ్యను కుళ్ళబెట్టే బూజు ఉప్పునీటిలో కంటె మంచినీటిలోనే బాగా పెరుగుతుంది. వాన వెలిసిన తరువాత కూడా పొరల నడుమ చిక్కిన తడి ఆరిపోదు. పైన పటారం, లోన లొటారం!

దీనిని కనిపెట్టడానికి పెద్ద ఇంజనీరు రానవసరం లేదు. స్టేషనులో రైలు ఆగగానే చిన్న సుత్తితో చక్రాన్ని తట్టి చెవి ఒగ్గి వినే ఉద్యోగిని మనమందరము ఎరుగుదుము. ఈ పలకను కూడా అలాగే తట్టి చూడాలి. గట్టి కొయ్య ఖణేలుమంటుంది. కుళ్ళిన కొయ్య మొద్దుగా పలుకుతుంది. అనుమానం తీరకపోతే లోపలివైపున సన్నని రంధ్రం వేయాలి. పొడి రజను వస్తే క్షేమం. నల్లని తడిపిండి వస్తే పలక మార్చవలసినదే.

అధికారులు మూడు సమాధానాలు చెప్పారు. మూడింటినీ పరిశీలిద్దాము.

మొదటిది: "చూడడానికి పడవ బాగానే వున్నది." సీలు చెక్కుచెదరలేదు గనుక సంచిలోని ఉత్తరాలు తడవలేదని ఏ తపాలా సార్టరైనా వ్రాసి ఇస్తాడా?

రెండవది: "నిధులు లేవు." ఈ పనికి కావలసినవి ఒకటి రెండు ప్లైవుడ్ షీట్లు, కొంత రెసిన్, గాజుబట్ట, పనితనం ఎరిగిన మనుషుల కొద్ది రోజుల శ్రమ. రంగుకు రెండుసార్లు దొరికిన నిధులు కొయ్యకు దొరకలేదా? పలక విరిగి మోటారు నదిపాలైతే, దానితో మనుషులు కూడా పోతే, ఆ ఖర్చు ఏ పద్దులో వ్రాస్తారు?

మూడవది: "సిబ్బంది మోటారును మొరటుగా నడిపారు." మొరటుగా నడిపితే పలక పగలవచ్చును, కుళ్ళదు. కుళ్ళు నీటి వలన, నీరు మూయని రంధ్రాల వలన, మూయని రంధ్రాలు తనిఖీ లేనందువలన. తనిఖీ ఎవరి బాధ్యత?

సరియైన పని ఎలా వుంటుందో కూడా చెప్పవలసి వున్నది. "మార్చాము" అనే పేరుతో పైపై అతుకు వేసే ప్రమాదం ఎప్పుడూ వుంటుంది. ముందు మోటారు దించి, పడవ ఆకారం చెడకుండా ఒడ్డున దిమ్మెల మీద నిలపాలి. లోపలి గాజుపొరను కోసి, కుళ్ళిన కొయ్యను చివరి ముక్క వరకు తవ్వి తీయాలి. పడవను పూర్తిగా ఆరనివ్వాలి; తడి మీద రెసిన్ పట్టదు. అందుచేత ఈ పని వర్షాకాలంలో ఆరుబయట చేసేది కాదు, కప్పు క్రింద చేయవలసినది. ఐ.ఎస్. 710 ముద్ర గల మెరైన్ ప్లైవుడ్‌ను రెండు వరుసలుగా, నడుమ ఖాళీ లేకుండా ఎపాక్సీతో అతికించి బిగించాలి. అడుగుకు, ప్రక్కలకు గాజుబట్ట పొరలతో కలపాలి. ప్రతి బోల్టు రంధ్రాన్నీ పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన తరువాత దాని నడుమ మరల రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు కొయ్యను తాకదు. నీటికి దారి వుండదు.

ఈ పని చేసే కార్మికుని సంగతి మరువరాదు. గాజుపీచును రుద్దితే లేచే ధూళి, పాలియెస్టర్ రెసిన్ నుండి వచ్చే స్టైరీన్ ఆవిరి ఊపిరికి, కండ్లకు హాని చేస్తాయి. ముఖానికి గుడ్డ కట్టుకొమ్మని చెబితే సరిపోదు. తగిన మాస్కు, కళ్ళద్దాలు, చేతితొడుగులు, గాలి ఆడే షెడ్డు ఇవ్వాలి. ఒక కార్మికుని రక్షణ కోసం మరొక కార్మికుని ఊపిరిని బలిపెట్టమని మేము అడగడం లేదు.

ఇది ఒక్క పడవ కథ కాదు. 2017 ఏప్రిల్ 26న భద్రేశ్వర్ వద్ద తేలినీపాడా రేవులో వెదురు జెట్టీ కూలి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడ కూలినది జెట్టీ, ఇక్కడ కుళ్ళినది పలక. రెండుచోట్లా నదికి ఎదురు నిలవవలసినవారు సామాన్య జనమే. మన ఆంధ్ర తీరంలో కూడా, ముఖ్యంగా 2004 సునామీ తరువాత, కొయ్య తెప్పల చోట ఫైబర్ పడవలు పెరిగాయి. అవి నేడు పాతబడుతున్నాయి. కాకినాడలో, విశాఖలో బంధువులున్న సోదరులు ఈ సుత్తి పరీక్షను వారికి తెలియజేయాలి.

ప్రాణాపాయం వున్నదని నమ్మి పనినుండి తప్పుకొనే కార్మికునికి రక్షణ వుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 155వ ఒడంబడికలో చెప్పింది. 2022లో ఆ ఒడంబడికను మౌలికమైన వాటిలో చేర్చింది. ఆ ముగ్గురూ చేసినది క్రమశిక్షణారాహిత్యం కాదు. రక్షక పడవను రక్షించడానికి వారు చేసిన ప్రయత్నమది.

కావున మేము డిమాండు చేస్తున్నాము: ముగ్గురి గైరుహాజరును రద్దుచేసి కూలి చెల్లించాలి. పలక మార్చేవరకు ఆ పడవను నదిలో దింపరాదు. ఆ రేవుకు వేరొక పడవను వెంటనే ఏర్పాటు చేయాలి. ప్రతి వర్షాకాలానికి ముందు రేవులలోని పడవలన్నిటినీ సిబ్బంది ప్రతినిధుల సమక్షంలో తనిఖీ చేసి, ఫలితాన్ని రేవు గోడమీద అంటించాలి.

రైల్వే, తపాలా సోదరులారా! రేపు ఉదయం లాంచీ ఎక్కేటప్పుడు రేవున కట్టిన ఆ చిన్న పడవవైపు ఒకసారి చూడండి. రంగును చూసి రాకండి. దానిని నడిపేవారిని పలుకరించి, పలక ఎలా వున్నదో అడగండి. వారు చెప్పినది మీ బ్రాంచి సమావేశంలో తీర్మానంగా పెట్టి మాకు పంపండి.