గొంతు పక్కన పెట్టి సంగీతం లెక్కకట్టొద్దు: ఉద్దానం పాటగాళ్ల ప్రణాళిక

పాడేవాడు పాడేసి పోతాడు, సంగీతం తెలిసింది మాత్రం వాయించేవాడికే అన్న మాట పెళ్లిపందిళ్లలో, గ్రామదేవత సంబరాల్లో ఇంకా వినిపిస్తోంది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం పాటగాళ్లు ఈ మాటను ఒప్పుకోవడం లేదు. పాడేవాళ్లు సంగీతకారులేనని, అందుకు మరో వాయిద్యం చేతబట్టాల్సిన పని లేదని వారు ప్రకటిస్తున్నారు.

జముకుల కథనే చూడండి. కథకుడు పాట ఎత్తుకుంటాడు. జముకు అనే తంతి వాయిద్యం పట్టినవాడు తంతిని బిగిస్తూ, వదులుతూ మీటుతాడు, దాంతోపాటే వంత పాడతాడు. బిగింపు మారితే నాదం మారుతుంది. దాన్ని పాటకు కలపాల్సింది చెవి. తప్పెటగుళ్ల ఆటలోనైతే రొమ్ముకు కట్టిన రేకు తప్పెట, కాలి గజ్జె, నోటి పాట అన్నీ ఒకే మనిషివి. చేతులకు ఒక పేరు, గొంతుకు ఇంకో పేరు ఎలా పెడతారు?

బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథనే రైతు పోరాటానికి గొంతుగా మలిచాడు. 1969లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయన్ను కవిగా, విప్లవకారుడిగా తలచుకునేవారు చాలామందే. వరస కట్టి ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టిన సంగీతకారుడిగా కూడా తలచుకోవాలని ఉద్దానం పాటగాళ్ల పట్టుదల.

గొంతుకు పెద్దపీట వేసిన ఉదాహరణా ఉంది. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడిగా ఎంచుకున్నది హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసును. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర గాత్రం నేర్చిన ఘంటసాల తర్వాత ‘లవకుశ’ సినిమాకు సంగీతం కూర్చాడు. అయితే బాణీలు కట్టాడు కాబట్టే ఘంటసాల సంగీతకారుడయ్యాడన్న వాదన ఉద్దానం పాటగాళ్లకు నచ్చదు. అలాగైతే ఆ విజయనగరంలోనే చదువుకున్న గాయని పి.సుశీలను ఏమనాలి? గమకం ఎక్కడ విరవాలో, ఊపిరి ఎక్కడ దాచాలో తెలిసిన గొంతు అది. అంతకంటే పెద్ద సంగీత విద్య ఏముంది?

ఆకాశవాణి కూడా గాత్రానికీ వాయిద్యానికీ ఒకే తరహా గ్రేడులు ఇస్తుంది. కాపీరైట్ చట్టం గాయకులనూ ప్రదర్శకులుగానే గుర్తిస్తుంది; 2012 సవరణతో వారికి రాయల్టీ హక్కు కూడా వచ్చింది. ఊరి వేదికల మీద మాత్రం ఇదేదీ కనబడదు.

పగలంతా జీడిపిక్కల పని చేసి, రాత్రి పెళ్లింట మంగళహారతులు పాడే ఆడవాళ్లు కూడా ఈ ప్రణాళికలో ఉన్నారు. వెనక ఏ వాయిద్యమూ లేకుండా పదిమంది ఒకే శ్రుతిలో నిలబడడం తేలికేం కాదు. రికార్డు పెట్టి పెదవులు కదిపేవారికి మాత్రం ఇందులో చోటు లేదు. ఈ విషయంలో మొహమాటం ఉండదు.

ప్రణాళిక కోరేది ఇదీ: ఇక నుంచి వేడుకల కరపత్రంలో డోలు, సన్నాయి వాయించేవారి పేర్ల పక్కనే పాడేవారి పేర్లు, వంతలవారితో సహా, అచ్చుకావాలి. ఒకే రాత్రి పనికి ఒకే సంభావన ఉండాలి. తెల్లవార్లూ పాడేవారికి మధ్యలో విరామం, వేడినీళ్లు ఇవ్వాలి. పాటగాళ్లను అడగకుండా ఫోన్లో రికార్డు చేసి అమ్ముకోకూడదు. తమ వంతుగా పాటగాళ్లు, నేర్పమని అడిగిన పిల్లలకు, కులం చూడకుండా, వరసలన్నీ నేర్పుతారు.